ఎవరూ మూయని మూత

పాల బూత్ ఆవిడ మందుల షాపాయనతో అందట. ఆయన పొద్దున్నే షట్టరెత్తుతూ పక్క షాపులోని మెకానిక్ చెవిన వేశాడు.

“నాకెందుకు గానీ, ఆవిడన్న మాటే చెప్తున్నా. మీ అన్న ఎవత్తెతోనో లేచిపోయి ఎనిమిదేళ్లయింది కదా, మీ వదినకి ఆ లిప్‌స్టిక్కూ, ఆ గాగుల్సూ ఎవరి కోసమట? నువ్వేమో నెలకి నాలుగు లాప్‌టాప్‌లు కూడా బాగుచెయ్యవు. మీ ఇల్లెలా గడుస్తోందో ఆవిడకి అంతుపట్టట్లేదట.”

మెకానిక్ నవ్వి ఊరుకున్నాడు. ఊరుకోవడమే అతని ఉద్యోగం. అన్న లేచిపోయాడన్న పుకారు పుట్టించింది డిపార్ట్‌మెంటే. నిజానికి అన్న సరిహద్దు అవతల, శత్రువుల రాజధానిలో, వేరే పేరుతో బతుకుతున్న ఏజెంటు. తమ్ముడూ ఏజెంటే. రిపేరు షాపు అతని కవర్. వదినదీ అదే డిపార్ట్‌మెంట్. ఎంబసీ పార్టీల్లో గ్లాసు పట్టుకుని నవ్వుతూ తిరిగి, అక్కడి గుట్లు ఇక్కడికి మోసుకొస్తుంది. వీధి లెక్కలో మాత్రం ఒకడు లేచిపోయినవాడు, ఒకతె సోకులాడి, ఒకడు చేతకానివాడు.

ఫోన్ మోగింది.

“కీబోర్డు మీద టీ ఒలికిందండీ.”

అది కోడ్ వర్డ్. ఉన్నపళంగా హెడ్‌క్వార్టర్స్‌కి రమ్మని.

డైరెక్టరు గదిలో ఒక ఫైళ్ల బీరువా, ఒక టేబుల్, దాని మీద తెరిచిన లాప్‌టాప్.

“డిస్‌ప్లే పోతోంది,” అన్నాడు డైరెక్టరు. “లంచ్ నుంచి వచ్చేసరికి నల్లగా ఉంటుంది. రోజూ కాదు, ఒక్కోరోజు.”

“కొత్తది తెప్పించుకోవచ్చుగా సార్.”

“ఇందులో లిస్టుంది. అవతల పనిచేస్తున్న మన తొమ్మిది మంది పేర్లు, అడ్రసులు. అది బయటికి పోతే ఒక్కడూ మిగలడు. మీ అన్నతో సహా. దాని కోసం ఒక ఫారిన్ గూఢచారి ముఠా ఊళ్లో దిగిందని కబురు. ఇది తనంతట తను చెడిందా, ఎవరైనా చెయ్యి పెట్టారా? ఒంటిగంటలోపు తేల్చు.”

మెకానిక్ చొక్కా చేతులు మడిచాడు. ముందు బయటి మానిటర్ తగిలించాడు. బొమ్మ శుభ్రంగా వచ్చింది. గ్రాఫిక్స్ చిప్పుకి జబ్బు లేదు. వేలితో మూత అంచు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపాడు. తెర మినుకుమనలేదు. కేబుల్ గట్టిగానే ఉంది. తెర వెలుగు పూర్తిగా పెంచి గంటసేపు వదిలేశాడు. లాప్‌టాప్ కన్నార్పలేదు.

అప్పుడు సిస్టమ్ లాగ్ తెరిచాడు. లాప్‌టాప్ ఎప్పుడు లేచిందో, ఎప్పుడు పడుకుందో నిమిషాలతో సహా రాసుకునే చిట్టా అది. ‘మూత పడింది. స్లీప్.’ నెలలో ఏడు సార్లు అదే ముక్క. అన్నీ మంగళ, శుక్రవారాలే. అన్నీ లంచ్ వేళే.

“మూత మూసి వెళ్తారా సార్?”

“ఎప్పుడూ మూయను. వచ్చేసరికి కూడా తెరిచే ఉంటుంది.”

మూత పడిందో లేదో లాప్‌టాప్‌కి కళ్లుండి చూడదు. మూత అంచులో చిన్న అయస్కాంతం, కింద అరచెయ్యి ఆన్చే చోట దాన్ని పసిగట్టే సెన్సర్ ఉంటాయి. మెకానిక్ తన స్క్రూడ్రైవర్ అయస్కాంతపు మొన కీబోర్డుకి ఎడమ పక్కన ఆనించాడు. తెర నల్లబడింది.

“డిస్‌ప్లే బాగానే ఉంది సార్. మీరు లేనప్పుడు మీ కుర్చీలో ఎవరో కూర్చుంటున్నారు. వాళ్ల ఎడమ మణికట్టుకి అయస్కాంతం ఉంది.”

“ఎవరు?”

అల్లిక ఉక్కు వాచీ పట్టీ. అయస్కాంతంతో టిక్కున దానంతటదే అతుక్కునే కొక్కెం. రోజూ పొద్దున అద్దం ముందు ఆ చప్పుడు వింటూనే అతను కాఫీ తాగుతాడు.

“తెలీదు సార్,” అన్నాడు మెకానిక్. స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాడు. “ఇవాళ శుక్రవారమే. మీరు మామూలుగా లంచ్‌కి వెళ్లండి.”

డైరెక్టరు వెళ్లాక ఒకే ఒక్క సెట్టింగ్ మార్చాడు. మూత పడితే స్లీప్ కాదు, పవర్ ఆఫ్. తర్వాత బీరువా వెనక నక్కాడు.

ఒంటిగంటా పన్నెండుకి తలుపు తెరుచుకుంది. నీలం కోటు, మూతికి మాస్కు, చేతిలో గది తుడిచే కర్ర. వేషం నిఖార్సుగా ఉంది. వాచీ ఒక్కటే తియ్యలేదు. ఎడమ చేత్తో కర్ర పట్టుకునే, కుడి చేత్తో పాస్‌వర్డ్ కొట్టింది. పెన్‌డ్రైవ్ గుచ్చింది. కాపీ మొదలైంది. అరవై శాతం. ఎనభై. తొంభై ఏడు.

వరండాలో అడుగుల చప్పుడు. ఆమె ఉలిక్కిపడి కర్ర వదిలేసి, డ్రైవ్ లాగడానికి ఎడమ చెయ్యి ముందుకు చాచింది. మణికట్టు కీబోర్డు పక్కన ఆనింది.

తెర ఆరిపోయింది. లాప్‌టాప్ లోపలి ఫ్యాన్ కూడా ఆగిపోయింది.

“ముదనష్టపు మిషను, మళ్లీనా,” అంది.

“మిషను బాగానే ఉంది వదినా,” మెకానిక్ బయటికొచ్చాడు. “మీ వాచీదే తప్పు.”

ఆమె మాస్కు కిందికి లాగి, మణికట్టు వైపు చూసుకుంది. “మీ అన్న వెళ్తూ వెళ్తూ పెట్టిన వాచీ. ఎలా తీస్తానయ్యా?”

“ఆ లిస్టులో అన్న పేరూ ఉంది. మొగుణ్ణి అమ్ముతున్నారా?”

“ఆయన పేరు వాళ్లకి కొత్తా? ఆర్నెల్ల కిందటే పట్టుకున్నారు. మీ డైరెక్టరు నీకు చెప్పలేదు కదూ. మిగతా ఎనిమిది పేర్లిస్తే ఆయన్ని వదిలేస్తామన్నారు. నెలంతా తంటాలు పడితే ఇవాళ్టికి పాస్‌వర్డ్ కుదిరింది. సాయంత్రంతో గడువు సరి.”

“ఆ ఎనిమిది మందికీ ఇళ్లున్నాయి వదినా.”

“ఉన్నాయి. ఆ ఇళ్లల్లో ఆడవాళ్లకి ఈ కుర్చీ అందలేదు, నాకు అందింది. అంతే తేడా.”

తలుపు దగ్గర ఇద్దరు గార్డులతో డైరెక్టరు నిలబడి ఉన్నాడు. లోపలికొచ్చి కాపీ పూర్తికాని పెన్‌డ్రైవ్ పీకి జేబులో వేసుకున్నాడు.

“శభాష్. నీ చేతిలో బాగుపడ్డ మొదటి లాప్‌టాప్ ఇదేననుకుంటా. ఎనిమిది ప్రాణాలు నిలబెట్టావు.”

“పొద్దున తొమ్మిదన్నారు సార్.”

డైరెక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

గార్డులు చేతులు పట్టుకున్నా వదిన కదల్లేదు. “రెండేళ్లలో వచ్చేస్తానని చెప్పి వెళ్లాడు నా మనిషి. మీ డిపార్ట్‌మెంటే తీసుకొస్తుందన్నాడు. వీధి మొత్తం నా మొహాన ఉమ్మినా నోరెత్తలేదు. ఎప్పుడు తెస్తారో ఇప్పుడైనా చెప్పండి.”

డైరెక్టరు కళ్లజోడు పెట్టుకున్నాడు.

“ఆయన్ని వెనక్కి తెచ్చే ప్లాన్, అవతలికి పంపిన ఆర్డరు ఫైల్లో ఎప్పుడూ లేదమ్మా. అది చదివే సంతకం పెట్టాడు మీ ఆయన.”