ఓడ దిగిన దేవుడు

మా కార్తేజ్‌లో ఓడ మునిగితే ముందు దాన్ని నడిపిన సరంగును పట్టుకుంటారు. ఎందుకు మునిగిందన్నది ఆ తరువాతి మాట. మనిషిని కొయ్యకి మేకులతో కొట్టేశాక ఆ మాట ఇంకెవరూ ఎత్తరు. పెద్దల సభకి అదే హాయి. తప్పు చేసినవాడొకడు దొరికాడు, అందరూ కళ్ళారా చూశారు, ఇళ్ళకెళ్ళి జావ తాగి పడుకున్నారు.

ఈ పద్ధతంటే యతోన్‌కి ఒళ్ళుమంట. అతను ఎవరి కొలువులోనూ లేడు. పోయినవి వెతికిపెట్టడం, అబద్ధం ఎక్కడ దాక్కుందో తవ్వి తీయడం అతని వృత్తి. పారిపోయిన బానిసల్ని మాత్రం ఎంత ఇస్తామన్నా వెతకడు. అతని సహాయకుడు షఫాట్ ఆ ఒక్క సంగతికే అతన్ని నెత్తిన పెట్టుకున్నాడు.

ఆ పొద్దున వాళ్ళ గుమ్మంలోకి అరిషత్ వచ్చింది. ఏడుస్తూ రాలేదు, కోపంతో వచ్చింది.

"రేపు మా ఆయన్ని కొయ్యకి కొడతారట. సరంగు మత్తాన్ ఆయనే. మా తమ్ముడు అదే ఓడలో తెడ్డు వేస్తూ పోయాడు, శవం కూడా దొరకలేదు. ఇప్పుడు మొగుణ్ణి కూడా ఇచ్చేయమంటున్నారు. ఇంకెంతమందిని ఇవ్వాలండీ ఈ ఊరికి?"

"కూర్చోమ్మా. మత్తాన్ ఏమంటున్నాడు?"

"లోతు నీళ్ళలో గాలి కాస్త లేచేసరికి అడుగు పలకలు విడిపోయాయంటున్నాడు. ఓడ కట్టిన గెర్సకోన్ ఏమో, నా ఓడ దానంతటది విడిపోదు, వీడే తీసుకెళ్ళి దాని ముక్కుని రాతికి గుద్దాడంటున్నాడు. ఆయన పెద్దమనిషి కదా, సభ ఆయన మాటే నమ్మింది. బతికి బయటపడ్డ నలుగురూ మా ఆయన చెప్పిందే చెప్పారు. తెడ్డు వేసేవాడి మాట ఎవడిక్కావాలి?"

"ఓడలోది ఏమైనా దొరికిందా?"

"ముక్కు మీది మరుగుజ్జు దేవుడొక్కడే ఒడ్డుకి కొట్టుకొచ్చాడు. రేవు కచేరీలో పడేశారు."

యతోన్ ఆ దేవుడి గురించి గుచ్చి గుచ్చి అడిగాడు. ఆమె విసుక్కుంటూనే చెప్పింది. ఓడ కొత్తదైనా దేవుడు పాతవాడు. గెర్సకోన్ తాత తూరు నగరం నుంచి తెచ్చిన చెక్కబొమ్మ అది. పాత ఓడని విప్పేసినప్పుడల్లా దాన్ని కొత్త ఓడ ముక్కుకి తగిలిస్తారు. బయల్దేరేముందు ప్రతివాడూ అరచేతిలో దేవదారు నూనె పోసుకుని దాని పొట్ట రుద్దాలి.

"మా తమ్ముడు నూనె ఒలకబోస్తాడని అందరూ తిట్టేవాళ్ళు," అంది ఆమె. "ఆ రోజు మాత్రం ఎవరూ రుద్దలేదు. రంగు పచ్చిగా ఉంది, ముట్టుకోవద్దని గుడ్డ చుట్టి ఉంచారట. అందుకే మునిగిందని మా వీధిలో ఆడవాళ్ళు నాకే చెబుతున్నారు."

రేవు కచేరీలో దేవుడు మూల పడి ఉన్నాడు. యతోన్ వంగి ఆ పొట్ట మీద చెయ్యి వేసి నిమిరాడు. కాపలావాడు పళ్ళికిలించాడు.

"ఏంటయ్యా, దేవుడికి కితకితలు పెడుతున్నావా?"

"నవ్వుతాడేమోనని," అన్నాడు యతోన్. "షఫాట్, నువ్వూ చెయ్యి పెట్టు."

"గరుకుగా ఉందండీ. ఉలి గీతలు తగులుతున్నాయి."

"మొహం చూడు."

"ఎక్కడా గీరుకోలేదు. ముక్కు కొస కూడా విరగలేదు."

అక్కణ్ణుంచి గెర్సకోన్ కార్ఖానాకి వెళ్ళారు. అక్కడ రంగులు వేసే బోదో వాళ్ళని చూడగానే కుంచె కింద పెట్టేశాడు.

"దేవుడికి రంగు నేను వేయలేదయ్యా. గుడ్డ చుట్టి ఉంటే, పచ్చి రంగని ఓడవాళ్ళకి చెప్పమన్నాడు మా రంగుల మేస్త్రి. చెప్పాను. పాపం మేస్త్రి కూడా ఆ ఓడలోనే పోయాడు."

"ఓడ అడుక్కి తారు పూసింది నువ్వేనా?"

"నేనే. ఎప్పుడూ లేనంత మందంగా పూయించారు, చెక్కన్నది కంటికి కనబడకుండా."

బయటికి రాగానే షఫాట్ గొంతు తగ్గించి, "వీడేనండీ. చచ్చినవాడి మీదికి తోసేస్తున్నాడు," అన్నాడు.

"భయపడ్డవాడు వేరు, చేసినవాడు వేరు. తొందరపడకు."

గెర్సకోన్ ఇల్లు రేవుని ఆనుకునే ఉంది. ఆయన మర్యాదగా పిలిచి దానిమ్మ రసం ఇప్పించాడు. నడవా గోడలో ఒక గూడు, దానికి కొత్త ఊదారంగు తెర ఉన్నాయి. ఆ గూడు దాటినప్పుడల్లా ఆయన చెయ్యి తనకి తెలియకుండానే దణ్ణం పెడుతున్నట్టు నుదుటికి వెళ్ళింది.

"ఓడలంటే నాకు కన్నబిడ్డలయ్యా. ఆ సరంగు నా బిడ్డని చంపాడు."

"మీ ఇంట్లో వాసన బాగుంది," అన్నాడు యతోన్.

"తారు వాసన బాగుండటమేమిటి? మా బతుకంతా అదే కంపు."

షఫాట్ గట్టిగా ఊపిరి పీల్చి చూశాడు. అది తారు వాసన కాదు.

మర్నాడు ఉదయం, మేకులు కొట్టే వేళకి ముందే, యతోన్ అందర్నీ ఆ నడవాలోకే రప్పించాడు. న్యాయాధిపతి విసుగ్గా వచ్చి కూర్చున్నాడు. మత్తాన్‌ని సంకెళ్ళతో తెచ్చారు, వెనకే అరిషత్ వచ్చింది. బోదో స్తంభం చాటున నిలబడ్డాడు. కచేరీ నుంచి తెచ్చిన దేవుణ్ణి షఫాట్ మధ్యలో పెట్టాడు.

"అయ్యగారూ, ఓడ ముక్కు రాతికి గుద్దుకుందన్నారు. ముక్కు మీదే ఉన్న ఈ దేవుడికి చిన్న గీత కూడా పడలేదు. ఇది మొదటి సంగతి."

"అదృష్టం కొద్దీ పడలేదేమో," అన్నాడు న్యాయాధిపతి.

"సరే. తరాలుగా జనం నూనెతో రుద్దిన పొట్ట నున్నగా నల్లబడిపోవాలి. దీని పొట్ట మీద ఉలి గీతలున్నాయి. ఇది మొన్న చెక్కిన బొమ్మ. అసలు దేవుణ్ణి ఎవరో ముందే దించేశారు. ఆ సంగతి బయటపడకుండా గుడ్డ చుట్టి, పచ్చి రంగని కథ అల్లారు."

"బొమ్మ దొంగతనానికీ ఓడ మునగడానికీ సంబంధమేమిటి?"

"దేవుణ్ణి ఓడ మీంచి ఎవరు దించుతారు అయ్యగారూ? అది మునుగుతుందని తెలిసినవాడు. మత్తాన్‌కి తెలిస్తే ఓడ ఎక్కడు. మేస్త్రికి తెలిసినా ఎక్కడు, ఇద్దరూ ఎక్కారు. బోదో ఒడ్డునే ఉండిపోయాడు, నిజమే. కానీ ఆ దేవుడు తనకి ఏమవుతాడని బోదో ఆయన్ని కాపాడతాడు? అడుగు పలకలు పుచ్చిపోయాయని ఎరిగి, తారు మందంగా పూయించి, ఆ దేవుడికి మాత్రం భయపడ్డవాడు ఒక్కడే ఉన్నాడు."

అతను వెళ్ళి తెర లాగాడు. దేవదారు వాసన గుప్పుమంది. గూట్లో నల్లగా, నున్నగా, అరిగిన ముక్కుతో మరుగుజ్జు దేవుడు కూర్చుని ఉన్నాడు. మత్తాన్ సంకెళ్ళతోనే ఒక అడుగు ముందుకి వేశాడు.

"వీడే. ఈ పొట్ట చీకట్లో తడిమినా పోల్చుకుంటాను."

గెర్సకోన్ గోడకి జారగిలబడ్డాడు. "మంచి కలప దొరకలేదు. ఓడ తొందరగా నీళ్ళలోకి దించమని సభ ఒకటే పోరు. విప్పేసిన ఓడ పలకలే వేయించాను. బయటపెడితే నన్ను కొయ్యకి కొట్టేవాళ్ళు."

"అందుకని నోరు మూసుకుని వాళ్ళని పంపావు," అన్నాడు యతోన్. అతని గొంతు అంత కరుకుగా ఉండటం షఫాట్ ఎన్నడూ వినలేదు.

"మా తాత మోసుకొచ్చిన దేవుడయ్యా. ఆయన్ని ముంచిన పాపం ఎక్కడ కడుక్కునేది?"

న్యాయాధిపతి చేత్తో సైగ చేస్తే భటులు మత్తాన్ సంకెళ్ళు విప్పి గెర్సకోన్‌కి వేశారు. మత్తాన్ కోసం నాటిన కొయ్య దిబ్బ మీదే ఉంది, అది వృథా కాలేదు. పాత పలకలని తెలిసీ ఓడ దించమని తొందరపెట్టిన సభవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని మాత్రం న్యాయాధిపతి అడగలేదు. అడగడు కూడా.

అరిషత్ మొగుడి దగ్గరికి వెళ్ళలేదు. తిన్నగా గూటి దగ్గరికి వెళ్ళి దేవుణ్ణి చంకనెత్తుకుని, వాకిలి దాటి, రేవు గట్టు మీంచి నీళ్ళలోకి విసిరేసింది. భటులు వాకిట్లోకి తెచ్చిన గెర్సకోన్ చిన్నపిల్లాడిలా గోల పెట్టాడు. దేవుడు ఒక్క మునక వేసి పైకి వచ్చి, వెల్లకిలా ఊగుతూ తేలాడు.

"చూడు, ఎలా తేలుతున్నాడో," అంది ఆమె. "చెక్క. ఒడ్డుకి తనే కొట్టుకొచ్చేవాడు, నువ్వు దించక్కర్లేదు. ఈత రానిది మా తమ్ముడికి."