మూడో ట్యాంకు దగ్గర

నోయిడాలో ఒక బీరు దుకాణం ఉంది. అక్కడే తయారుచేస్తారు, అక్కడే గ్లాసుల్లో పోస్తారు. ముందు టేబుళ్లు, వెనక గదిలో మూడు పెద్ద స్టీలు ట్యాంకులు. ఆ మూడో ట్యాంకు దగ్గరికి మాత్రం పొద్దుగూకాక ఎవరూ వెళ్లరట. వెళ్తే... ఎవరో గొణుగుతారట!

నవ్వకండి. నేనూ నవ్వాను. చెప్పింది మా మనోహర్. హైదరాబాద్ నుంచి ఆఫీసు పని మీద ఏ ఊరెళ్లినా, ఇలాంటి చోటు వెతుక్కుని ఒక గ్లాసు తాగందే వాడికి తోచదు. అబద్ధాలాడే రకం కాదు, వట్టి పిరికి రకం.

డిసెంబరు సాయంత్రం. బయట మంచో, పొగో... ఆ ఊళ్లో రెంటికీ తేడా తెలిసి చావదు. వీడు లోపలికెళ్లేసరికి కుర్చీలన్నీ ఖాళీ. సగం లైట్లు ఆర్పేసి ఉన్నాయి. కౌంటరు దగ్గర ఒక్కతే అమ్మాయి. పేరు ఇషిత. దుకాణం ఆమెదే, బీరు చేసేదీ ఆమే.

"తెలుగా? మాదీ తెలుగే భయ్యా. నేను ఇక్కడే పుట్టా," అంది గ్లాసు పెడుతూ. "జల్దీ తాగేయండి. చీకటి పడితే నేనూ ఉండను."

"ఎందుకమ్మా?"

ఆమె వెనక గది వైపు చూసింది. "ఉధర్... ఎవరో ఉన్నారు."

మొదట వాచ్‌మన్ చూశాడట. తెల్లగా, మొహం లేని ఆకారం! ఆ మాట విని పనివాళ్లు ఒక్కొక్కరే మానేశారు. కస్టమర్లకి తెలిసింది, వాళ్లూ మానేశారు.

"నెలాఖరుకి బంద్ చేసేస్తున్నా," అంది. "ఉద్యోగం వదిలి ఇది పెట్టా. సారా కొట్టు పెట్టావని పాపా, అదే మా నాన్న, నాతో మాట్లాడటం మానేశారు. మయూర్ విహార్‌లో ఒకే ఇంట్లో ఉంటాం, మాటల్లేవు. అమ్మ కూడా లేదు కదా, మధ్యలో చెప్పేవాళ్లు లేరు. ఇప్పుడు మూసేస్తే పాపా మాటే నిజమవుతుంది భయ్యా. అదే ఏడుపొస్తోంది."

మనోహర్ ఏదో అనబోయాడు. ఇంతలో...

గుడగుడమని చప్పుడు.

"అది ట్యాంకే. పులుస్తుంటే అలాగే అంటుంది," అంది ఇషిత. అన్నదే గానీ కౌంటరు వదిలి ఇటు వచ్చేసింది.

మళ్లీ గుడగుడ. దాని వెనకే... గుసగుస. హిందీ కాదు. తెలుగు!

"అన్నపూర్ణా... ఇది నీకు..."

మనోహర్ డబ్బులు టేబుల్ మీద పడేసి లేచాడు. కానీ ఆ అమ్మాయి వీడి చొక్కా చెయ్యి పట్టుకుంది.

"భయ్యా... అది మా అమ్మ పేరు."

ఇక వదిలేసి ఎలా వస్తాడు? ఆమె ముందు, వీడు వెనక. చేతిలో ఫోన్ లైటు. ఒకటో ట్యాంకు... రెండోది...

మూడో ట్యాంకు పక్కన తెల్లగా నిలబడి ఉంది. మొహం లేదు! చేతిలో గ్లాసు. అందులో వేలు ముంచి, చుక్క నేల మీద చిలకరిస్తోంది.

"ఓరి దేవుడో!" మనోహర్ కేక పెట్టాడు.

అది ఉలిక్కిపడి తిరిగింది. తెల్ల శాలువా. కళ్లు మాత్రం కనబడే మంకీ క్యాప్. కంగారుగా క్యాప్ పైకి జరిపితే... తెల్ల మీసం, మీసానికి నురగ.

"పాపా?"

ఇషిత నాన్న సుందరరామయ్యగారు! సెంట్రల్ గవర్నమెంటులో ఆఫీసరుగా రిటైరైన మనిషి, దొంగలా దొరికిపోయి అలాగే నిలబడ్డాడు.

"నువ్వేం చేస్తున్నావో చూద్దామని వచ్చానమ్మా ఒకరోజు. ఒక గుక్క తాగాను, బాగుంది. అన్ని మాటలన్నాక ఎదురుగా వచ్చి చెప్పడానికి మొహం చెల్లలేదు. మీ అమ్మకైనా చెబుదామని రోజూ వస్తున్నా... వెనక తలుపు తియ్యమనీ, అమ్మాయికి తెలియనివ్వద్దనీ వాచ్‌మన్‌ని బతిమాలుకున్నాను."

ఆ వాచ్‌మన్ మహానుభావుడు, ఎవరూ అటు రాకుండా దెయ్యాన్ని పుట్టించాడు!

"బాగుందా?" ఇషిత ఏడ్చేసింది. "ఆ దెయ్యం వల్లే నా దుకాణం మూతపడుతోంది పాపా!"

"నా... వల్లా?"

ఆయనకి ఆ సంగతి తెలియదు పాపం. చేతిలో గ్లాసు వంక చూశాడు, కూతురి వంక చూశాడు. తర్వాత మంకీ క్యాప్ పూర్తిగా తీసేసి, ముందు గదిలోకి నడిచాడు. రోడ్డుకి కనబడే అద్దం పక్కన కుర్చీ లాక్కుని, గ్లాసు ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాడు.

"లైట్లన్నీ వెయ్యమ్మా," అన్నాడు. "వచ్చేపోయే వాళ్లందరికీ నేను కనబడాలి."