మొరిత-సాన్ మూల

రెడ్‌మండ్‌లోని ఆ రోబోల ల్యాబ్‌లో పనిచేసినవాళ్లని ఎవరినైనా అడగండి. చీకటి పడ్డాక మొరిత-సాన్ మూల పక్క నుంచి ఒంటరిగా నడవమంటే నడవరు. అందరూ పెద్ద పెద్ద డిగ్రీలవాళ్లే. పగలంతా లెక్క తప్ప ఇంకోటి నమ్మనివాళ్లే. సాయంత్రమయ్యేసరికి మాత్రం ఆ కిటికీ పక్క ఖాళీ చోటుకి తిరిగి, వంగి, ఓ మాట చెప్పి గబగబా మెట్లు దిగిపోతారు.

అక్కడ ఏముంది? ఏమీ లేదు. నేల మీద పసుపు టేపుతో గీసిన నలుచదరం. ఒకప్పుడు ఆ ల్యాబ్‌లోనే పనిచేసిన మొరిత-సాన్, అంటే మన మాటలో మొరితగారి బల్ల ఉన్న చోటు.

నాగమల్లేశ్వరి తెనాలి నుంచి ఆర్నెల్ల రీసెర్చ్ ఇంటర్న్‌షిప్‌కి వచ్చింది. ఇంజినీరింగ్ ఫైనలియర్. ల్యాబ్ ఉన్నది అమెరికాలోనే అయినా కంపెనీ జపాన్‌ది, లోపల వినబడేదంతా జపనీసే. కాలేజీలో పట్టుబట్టి నేర్చుకున్న ఆ భాషే ఆమెకి సీటు తెచ్చిపెట్టింది. ఇక డిబేట్లంటారా... స్టేజీ ఎక్కితే ఎదుటివాళ్లు మంచినీళ్లు అడగాల్సిందే.

"దెయ్యం ఉందన్నవాళ్లే రుజువు చూపాలన్నా. లేదన్నవాళ్లు కాదు" అని మొదటి వారమే తేజేశ్వర్‌తో అనేసింది.

ఆ ల్యాబ్‌లో ఉన్న ఇంకో తెలుగువాడు తేజేశ్వర్ ఒక్కడే. కరీంనగర్ మనిషి.

"రుజువు నాకెందుకు మల్లీ," అన్నాడు గొంతు తగ్గించి. "మొరిత-సాన్ రోజూ అందరికన్న ఆఖర్న పోయేటోడు. ఈడ పద్ధతేంది? ముందుగాల పోయేటోళ్లు ఉండేటోళ్లకు చెప్పి పోవాలె. ఒసాకి నీ షిత్సురెయ్ షిమస్... మీకన్న ముందు పోతున్న, ఏమనుకోకండి అని. ఆ దినం మంచు పడ్తున్నదని అందరం ఉరికినం. ఎవ్వలం చెప్పలే. తెల్లారి వచ్చి చూస్తే... కూసున్నోడు కూసున్నట్టే ఉన్నడు."

"గుండెపోటు అయ్యుంటుంది. పాపమే. దానికి దెయ్యమెందుకు అవుతాడు?"

"నువ్వు డిబేట్ల గెలిచినవని ఆయనకు తెల్వదు గద."

నవ్వేసింది. కానీ ఆ రోజు నుంచి అదో పంతమైపోయింది. అందరూ ఆ మూలకి వంగి మాట చెప్పేవాళ్లు. ఆమె బ్యాగు భుజాన వేసుకుని, తల తిప్పకుండా, తిన్నగా వెళ్లిపోయేది.

అప్పుడే... కొమె ఆగడం మొదలుపెట్టింది.

కొమె నడుమెత్తు రోబో. ట్రేలో టీకప్పులు పెట్టుకుని చక్రాల మీద తిరుగుతుంది. ఎక్కడా ఆగకుండా హాలంతా చుట్టి రావాలి. మల్లేశ్వరి ప్రాజెక్టే అది. సోమవారం ఒసాకా నుంచి డైరెక్టర్ హత్తొరి-సాన్ వస్తున్నాడు. డెమో కుదిరితే పీహెచ్‌డీకి ఆయన రికమండేషన్. కుదరకపోతే, అంతకుముందు వచ్చిన రుత్విక్‌కి పట్టిన గతే. అతని రోబో కూడా ఆ టేపు దగ్గరే ఆగింది. "పనిలో జాగ్రత్త లేదు" అన్న పేరుతో ఇంటికి వెళ్లాడు.

పగలు కొమె బుద్ధిగా తిరిగేది. జనవరి కదా, అక్కడ సాయంత్రమన్నది ఉండదు, ఉన్నట్టుండి చీకటే. చీకటి పడిందా... టేపు దగ్గర ఆగేది. కిటికీవైపు తల తిప్పేది. కొద్దిగా వంగేది. మళ్లీ కదిలేది.

ఎదురుగా ఎవరూ ఉండరు.

చిక్కేమిటంటే, కొమె తనంతట తాను వంగదు. ఎదుటివాళ్లు వంగి పలకరిస్తేనే వంగుతుంది. వాళ్లెంత వంగితే అంతే. దానికి ఆ మర్యాద నేర్పింది... మొరిత-సానే.

"మరి ముందుగాల వంగిందెవరు?" తేజేశ్వర్ గుసగుసలాడాడు.

"అదే కనుక్కుంటా."

శుక్రవారం చీకటి పడ్డాక ఒక్కతే కూర్చుంది. స్క్రీన్‌కి కళ్లప్పగించి కదలకుండా ఉంటే నెత్తి మీద లైటు ఆరిపోయేది. మనిషి కదిలితేనే వెలిగే లైట్లవి, ఎక్కడి లైటు అక్కడే. చెయ్యి గాల్లో ఊపేది. వెలిగేది.

కొమెని వదిలింది. అది వెళ్లింది... ఆగింది... వంగింది.

మల్లేశ్వరి కాళ్లు తలుపువైపు లాగుతున్నాయి. అయినా వెళ్లి కొమె వెనకాల మోకాళ్ల మీద కూర్చుని, దాని కంటి ఎత్తున కళ్లు పెట్టి చూసింది.

చీకట్లో ఎవరో ఉన్నారు.

పొట్టిగా... గుండ్రటి తలతో... ఇటే చూస్తూ —

కొమె! కిటికీ అద్దంలో కొమె బొమ్మ. బయట చీకటి పడితే గాజు అద్దమైపోతోంది. లేచిపోయిన టేపు అంచు మీద చక్రం ఎక్కగానే కొమె తల ఊగుతోంది, అద్దంలోదీ ఊగుతోంది. ఎవరో పలకరించారనుకుని పిచ్చిది తిరిగి వంగుతోంది.

కిటికీ బ్లైండ్స్ కిందిదాకా దించేసింది. మళ్లీ మళ్లీ తిప్పింది. కొమె ఒక్కసారీ ఆగలేదు.

"నీ దెయ్యం దొరికిందన్నా," అంది ఫోన్లో. "టీ తెస్తోంది, తాగుతావా?"

"అరె... ఇన్నేండ్లు అద్దానికా దండం పెట్టింది మేము?"

ఆ రోజు కూడా ఆ మూలకి ఏమీ చెప్పకుండానే వెళ్లిపోయింది.

సోమవారం హత్తొరి-సాన్ ఫ్లైట్ లేటైంది. డెమో చీకటి పడ్డాకే జరిగింది. బ్లైండ్స్ దించే ఉన్నాయి. కొమె హాలంతా చుట్టింది, ఎక్కడా ఆగలేదు. ఇదివరకు ఎందుకు ఆగేదని ఆయన అడిగాడు. మల్లేశ్వరి అద్దం కథ తడుముకోకుండా చెప్పింది. బాగుంది అన్నట్టు తలాడించాడు. గెలిచింది.

వెళ్లబోతూ ఆయన తలుపు దగ్గర ఆగాడు. ఆ మూలకి తిరిగి, నడుము దాకా వంగి, ఆ మాట చెప్పాడు. వెనకాల అందరూ వంగారు. మల్లేశ్వరి నిటారుగా నిలబడింది.

కొమె అప్పుడు ఛార్జర్ దగ్గరికి పోతోంది. మొహం కిటికీవైపు, వీపు వీళ్లవైపు.

టేపు దగ్గర ఆగింది.

వంగింది. కొద్దిగా కాదు... నడుము దాకా. ట్రే మీది కప్పు జారి కిందపడింది.

వంగినవాళ్లందరూ ఒక్కసారి తలలెత్తారు.

"నాగా-సాన్," అన్నాడు హత్తొరి-సాన్ మల్లేశ్వరివైపు తిరిగి, మెల్లగా. "ఇది కూడా అద్దమేనా?"

బ్లైండ్స్ దించే ఉన్నాయి. హై — అవును — అంటే చాలు. ఒక్క మాట, రికమండేషన్ చేతికొస్తుంది. ఏ స్టేజీ మీదా జవాబుకి వెతుక్కోని పిల్ల... ఆ మూలవైపు చూసింది.

"కాదు," అంది. "ఇదేమిటో నాకు తెలియదు."

ఆయన కిందపడిన కప్పు తీసి ట్రేలో పెట్టాడు.

"రికమండేషన్ రాస్తాను," అన్నాడు. "ఈ జవాబు కూడా రాస్తాను."

మంచికో చెడ్డకో ఆ గొంతులో తెలియలేదు.

అందరూ వెళ్లిపోయారు. మల్లేశ్వరి కొమెని ఆఫ్ చేసింది. బ్యాగు తీసుకుంది. తలుపు దాకా నడిచి... ఆగింది. వెనక్కి తిరిగింది. మొదటిసారి వంగింది.

"ఒసాకి నీ... షిత్సురెయ్ షిమస్."

మెట్లు దిగింది.

కింద పార్కింగ్‌లో తేజేశ్వర్ కారు స్టార్ట్ చేసి ఉంచాడు. ఇద్దరూ పైకి చూశారు. కదిలేవాళ్లు లేరు కాబట్టి లైట్లు ఒకటొకటిగా ఆరుతున్నాయి. మెట్ల దగ్గరది... ఆమె బల్ల మీదిది... హాలు మధ్యలోది...

దించిన బ్లైండ్స్ వెనక, మూలన, ఒక్కటి ఆరలేదు.

"మల్లీ..." తేజేశ్వర్ వేలెత్తి చూపించాడు. "కొమెను ఆఫ్ చేసినవా?"

"చేశానన్నా."