ఇనుము మోగని యంత్రం

వానకు కమ్మరి కంబగిరి కొలిమి గోడ కూలింది. ఆ కొలిమిలో నిప్పు రాజేసి ఏళ్ళు గడిచిపోయాయి కనుక ఊళ్ళో ఎవరూ అయ్యో అనలేదు. మట్టి ఎత్తిపోస్తున్న అతని కూతురు సుంకులమ్మకు మాత్రం గోడ గూట్లోంచి ఒక రేకు ముక్క బయటపడింది. దాని మీద ఉలి మొనతో గీసిన గీతలున్నాయి. ఒక వాగు, వాగుకు అవతల పడగ విప్పిన పాములాంటి బండ, బండ కింద గుహ, గుహ లోపల ఒక కుండ. రేకు మూలన చిన్న చేప బొమ్మ. ఆ చేపను సుంకులమ్మ చూడగానే గుర్తుపట్టింది. కంబగిరి తాను చేసిన ప్రతి కొడవలి మీదా, ప్రతి గడ్డపార మీదా కొట్టే గుర్తు అది.

కంబగిరి నల్లమల అడవిలోకి నిధి కోసమని వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. అప్పటికి సుంకులమ్మ బడికి పోయే పిల్ల. నిధి దొరికిందనీ, దాంతోపాటు ఇంకో ఆడది కూడా దొరికిందనీ, ఇద్దరూ కలిసి దేశం దాటిపోయారనీ ఊరు తీర్పు చెప్పేసింది. ఊరికి తీర్పు చెప్పడానికి సాక్ష్యాలతో పనేముంది! అతని భార్య ఓబుళమ్మ మాత్రం బొట్టు చెరుపుకోలేదు. ప్రతి దసరాకూ కొలిమి పనిముట్లన్నీ కడిగి, వరసగా పేర్చి, పసుపూ కుంకుమా పెట్టేది. సుత్తికీ పట్టకారుకీ మధ్య గడ్డపార పట్టేంత చోటు ఖాళీగా వదిలేది. గడ్డపార భర్తతో పోయింది. భర్తతోనే తిరిగి రావాలి.

సుంకులమ్మ ఇప్పుడు ఆర్టీసీ బస్సులో కండక్టరు. టికెట్టు తీయనివాడిని ముఖం చూసే పట్టేస్తుంది, పట్టాక వదలదు. ఆమె రేకు తుడిచి భర్త ఉరుకుందు ముందు పెట్టింది.

"మా నాయన పారిపోల్యా. ఆ బండ కింద గవిలోనే ఉండాడు. ఒగ ఎముక దొరికినా సాలు, తెచ్చి ఊరి ముందర పడేస్తా. అన్న నోళ్ళన్నీ మూయిస్తా" అంది.

ఉరుకుందు మంచివాడే. కాకపోతే రేకు మీద అతనికి కనిపించింది కుండ.

"ఊరికే తవ్వితే దొరకదు సుంకులూ. మిషను కావాల" అన్నాడు. ఆ రోజు మొదలుకొని ఫోనులో లోహం కనిపెట్టే యంత్రాల వీడియోలు తప్ప ఇంకేదీ చూడలేదు. అన్నం తింటూ కూడా "కొత్తోళ్ళకు ఇదే మేలంట" అని పప్పు వేళ్ళతోనే తెర జరిపేవాడు.

అడవిలో దారి తెలిసినవాడు ఊళ్ళో ఒక్కడే. కంబగిరి స్నేహితుడు మద్దిలేటి. ఆనాడు వాగు దాకా తోడు వెళ్ళింది అతనే. "నేను వాగు దాటల్యా. ఆయప్ప ఒగడే దాటిపాయె" అని ఇన్నేళ్ళూ అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పుకొచ్చాడు. రేకును చూడగానే అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. వెంటనే సర్దుకున్నాడు.

"మీకు అడవి ఏం తెలుసు పాపా? ఎలుగుబంట్లుంటాయి. నేనూ వస్తా" అన్నాడు.

ముగ్గురూ కర్నూలు వెళ్ళి ఒక సందులో ఉన్న చిన్న కొట్టు ఎక్కారు. కొట్టువాడు మొహమాటం లేని మనిషి. బల్ల మీద రెండు యంత్రాలు పెట్టాడు.

"కొత్తవాళ్ళంటున్నారు కాబట్టి ఖరీదైనవి చూపించను. కొని మూల పడేస్తారు. ఇది అన్నిటికంటే చౌక. ఇనుము, ఇత్తడి, బంగారం, దేని మీద పెట్టినా ఒకటే అరుపు. ఇంకోటి కొంచెం ఎక్కువ. దీనికి నేల మీద ఆడించే బిళ్ళ పెద్దది, ఇదిగో ఈ బొత్తాం కూడా ఉంటుంది. ఎడమకు తిప్పితే అన్నీ మోగుతాయి, ఇనుముకు గుర్రుమంటుంది, ఇత్తడికీ బంగారానికీ టింగుమంటుంది. కుడికి తిప్పితే ఇనుము మీద నోరు మూసుకుంటుంది."

"పదడుగుల లోతు పడతాదా?" ఉరుకుందు వీడియోల పాండిత్యం చూపించాడు.

"పదడుగులని చెప్పినవాణ్ణే పోయి అడుక్కో. రూపాయి బిళ్ళయితే జానెడు. బిందె అంత వస్తువయితే మోకాలి లోతు. ఎర్రమన్నులో అదీ అనుమానమే. పొలంలో పోయిన ఉంగరం వెతుక్కోండి, తప్పులేదు. అడవిలోకి తీసుకెళ్తే మాత్రం కేసవుతుంది, నా పేరు చెప్పొద్దు."

సుంకులమ్మ చౌకదాని మీద చెయ్యి వేసింది. "మనకు అన్నీ మోగేదే కావాల" అంది.

"వద్దు పాపా! ఇనుము అరవనిదే తీసుకుందాం. అడివంతా మేకులూ, లాడాలూ. ప్రతిదానికీ తవ్వుతా కూకుంటామా?" అని మద్దిలేటి అడ్డుపడ్డాడు. అంతటితో ఆగకుండా రొంటిన ఉన్న సంచీ విప్పి, తక్కువ పడ్డ సొమ్ము తానే బల్ల మీద పెట్టాడు. తన టీకి కూడా పక్కవాడి జేబు వైపు చూసే మనిషి! సుంకులమ్మకు అది వింతగా తోచింది కానీ పెద్దవాడు ప్రేమతో ఇస్తున్నాడనుకుంది. బస్సులో అయితే ఆ పొరపాటు చేసేది కాదు.

తెల్లవారుతూనే అడవిలో అడుగుపెట్టారు. ముందు మద్దిలేటి కత్తితో కంపలు నరుకుతూ, వెనక ఉరుకుందు యంత్రాన్ని పసిబిడ్డలా గుండెకు హత్తుకొని, చివర నీళ్ళ సీసాలతో సుంకులమ్మ. ఎండ ఎక్కేకొద్దీ రాళ్ళు కాలసాగాయి. వెదురుపొదల మలుపులో మద్దిలేటి చటుక్కున ఆగి చెయ్యెత్తాడు.

"కదలొద్దు! ఎలుగొడ్డు!"

ఇరవై గజాల అవతల పుట్టను తవ్వుతున్న ఎలుగుబంటి తలెత్తి ముట్టె ఆడించింది. ఉరుకుందు వణికిన వణుకుకు వేలు తగిలి యంత్రం కుయ్యిమని కూసింది. ఎలుగుబంటి ఉలిక్కిపడి, దడదడ కంపలు విరుచుకుంటూ లోయలోకి దూకింది. "మిషను ఖరీదు ఇక్కడే తీరిపాయె" అన్నాడు ఉరుకుందు.

వాగు దాటారు. పడగ బండ కనిపించింది. దాని కింద మనిషి పాకి దూరేంత సందు. ఒకరి వెనక ఒకరు పొట్ట మీద పాకారు. లోపల గబ్బిలాల కంపు ముక్కు బద్దలు కొట్టింది. టార్చి వెలుగుకు వందలకొద్దీ రెక్కలు ఒక్కసారిగా లేచి ముఖాలను రాసుకుంటూ బయటికి పోయాయి. తలెత్తి చూస్తే గుహ రెండుగా చీలి ఉంది.

"ఎడమకు పదండి" అని మద్దిలేటి ముందు నడిచాడు.

ఎడమ వైపు సొరంగంలో ఉరుకుందు యంత్రాన్ని నేల మీద ఊపుకుంటూ పోయాడు. బొత్తాం కుడికే ఉంది. టింగ్! ముగ్గురూ నేల మీద పడి గోళ్ళతో తవ్వారు. సారా సీసా మూత. మళ్ళీ టింగ్! ఈసారి నలిగిన సత్తు గ్లాసు. తమకంటే ముందే ఎందరో ఆశపోతులు వచ్చి తాగి పోయిన చోటు అది. ఉరుకుందు మూతను విసిరికొట్టాడు.

"కుడి పక్క సూద్దాం" అంది సుంకులమ్మ.

"అటొద్దు! కప్పు బండలన్నీ వదులు. మీద పడతాయి!"

సుంకులమ్మ టార్చి తిప్పి మద్దిలేటి ముఖం మీద నిలిపింది. "వాగే దాటనోనికి కప్పు వదులని ఎట్ల తెలుసు మామా?"

మద్దిలేటి వెలుగుకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆమె భర్త చేతిలోంచి యంత్రం లాక్కొని కుడివైపు దూసుకుపోయింది. ఆ సొరంగం నిండా విరిగిపడిన బండలు. వాటి నడుమ యంత్రం ఆడించింది. చప్పుడు లేదు. ఇంకో అడుగు వేసింది. చప్పుడు లేదు. వెనకనుంచి మద్దిలేటి ఊపిరి వదలడం వినిపించింది.

"సెప్పినా కదా పాపా. ఏమీ ల్యా. పోదాం పా."

ఆ నిట్టూర్పు ఆమెను పట్టి నిలబెట్టింది. తప్పించుకున్నాననుకున్న టికెట్టు లేనివాడు వదిలే నిట్టూర్పు అది. ఆమె బొత్తాం వైపు చూసింది. కొట్టులో మద్దిలేటి విప్పిన డబ్బు సంచీ గుర్తొచ్చింది.  బొత్తాన్ని ఎడమకు తిప్పింది.

యంత్రం గుర్రుమంది.

అడుగు వేసినా ఆగలేదు. ఇంకో అడుగు వేసినా ఆగలేదు. మేకు అయితే ఒక్క చోటే మోగాలి. ఇది తిన్నగా, మనిషి పొడవున మోగుతోంది. "తవ్వూ!" అని అరిచింది సుంకులమ్మ. భార్యాభర్తలు రాళ్ళు తొలగించారు. మన్ను కింద తుప్పు పట్టిన గడ్డపార బయటపడింది. చీర కొంగుతో దాని మెడ రుద్దింది. చేప!

గడ్డపార పక్కనే పెద్ద బండ. బండ కింద నుంచి నడుము పైభాగం ఎముకలు. పక్కగోడ మీద, పడుకున్న మనిషి చెయ్యి అందేంత ఎత్తులో, రాయి గుంటలు గుంటలుగా చితికి ఉంది. గడ్డపారతో కొట్టి కొట్టి చేసిన గుంటలు. సుంకులమ్మ ఆ గుంటల్లో వేలు పెట్టి తడిమింది. దుఃఖం కంటే ముందు కోపమే వచ్చింది.

"బతికుండగానే వదిలేసి పోయినావా?"

మద్దిలేటి తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. తర్వాత ఒక్కసారిగా కూలబడ్డాడు.

"బండ పడె పాపా. లేపల్యాకపోతి. మనుషుల్ని పిల్సకొస్తానని పోతి. ఊళ్ళోకి పోతే నిధి కేసు పెడతారని భయమాయె. రేపు సెప్దాం, రేపు సెప్దాం అనుకుంటి. ఆయప్ప గడ్డపారతో బండ మీద కొడతానే ఉండె. వాగు దాటేదాంకా ఇనపడె."

"అందుకేనా ఇనుము మోగనిది కొనిపిస్తివి!" అని ఉరుకుందు మొదటిసారి గొంతు పెంచాడు.

 మద్దిలేటి కళ్ళు ఎముకలకు అవతల ఉన్న చీలికలో ఇరుక్కున్నాయి. టార్చి వెలుగు పడి అక్కడ పచ్చగా ఏదో మెరిసింది. ఇత్తడి కుండ అంచు. ఎవడి బుద్ధి ఎక్కడ ఉంటుందో చూడండి! పశ్చాత్తాపం పూర్తిగా కక్కకముందే ఆ మనిషి పాకి, కంబగిరి ఎముకల మీదుగానే చీలికలోకి చెయ్యి దూర్చాడు. కుండను గట్టిగా లాగాడు. పైన ఏదో పటపటమంది.

"మామా, ఎనక్కి!"

బండ జారింది. మద్దిలేటి కేక గుహంతా ప్రతిధ్వనించింది. అతని కాలు బండ కింద ఉంది. కప్పు నుంచి రాళ్ళూ మన్నూ రాలుతున్నాయి.

"పోదాం సుంకులూ! అంతా కూలతాంది!" ఉరుకుందు ఆమె చెయ్యి పట్టి లాగాడు.

ఆమె ముందు ఒకవైపు తండ్రి ఎముకలు. వాటికోసమే వచ్చింది. కొంగులో మూటగట్టుకొని పరిగెత్తడానికి సరిపడా క్షణాలున్నాయి. ఇంకోవైపు మద్దిలేటి. "వదిలిపెట్టి పోవాకు పాపా" అని నేలను చేత్తో కొడుతున్నాడు. కొడుతున్న ఆ చప్పుడే సుంకులమ్మ భరించలేకపోయింది. బూతులు తిడుతూ, ఏడుస్తూ, గడ్డపార ఎత్తి బండ కింద దూర్చింది.

"ఆ మిషను సందులో పెట్టు! ఊఁ, లాగు!"

ఆమె తన బరువంతా గడ్డపార మీద వేసింది. బండ కొంచెం లేచింది. ఉరుకుందు ప్రాణం కంటే మిన్నగా మోసుకొచ్చిన యంత్రాన్ని ఆ సందులో కుక్కి, మద్దిలేటి చంకల్లో చేతులు వేసి ఈడ్చాడు. యంత్రం చివరిసారి గుర్రుమని చితికిపోయింది. ముగ్గురూ పాకుతూ, దొర్లుతూ సందులోంచి బయటపడ్డారు. వెనక గుహ గొంతు దభాలున మూసుకుపోయింది. ఎముకలూ లోపలే, కుండా లోపలే. సుంకులమ్మ చేతిలో గడ్డపార మిగిలింది.

ఆసుపత్రిలో కాలికి కట్టు కట్టించాక ఆమె మద్దిలేటిని ఇంటికి పోనివ్వలేదు. ఆటోలో తన గడప ముందు దించింది. "నీ నోటితోనే మా అమ్మకు సెప్పు. ఆనక ఊరికీ, పోలీసోళ్ళకీ సెబ్దువు" అంది. అతను చెప్పాడు. ఓబుళమ్మ స్తంభానికి ఆనుకొని మొత్తం విన్నది. ఏడవలేదు. అతని ముఖం కూడా చూడలేదు.

"ఆడ నీళ్ళుండెనా?" అని మాత్రం అడిగింది.

"ల్యా వొదినా" అన్నాడు మద్దిలేటి.

సుంకులమ్మ పళ్ళు పటపట కొరికింది. ఇన్నేళ్ళు ఊరందరికీ అబద్ధం చెప్పిన మనిషి ఆ ఒక్క అబద్ధం కూడా చెప్పి ఉంటే వాడి సొమ్మేం పోయేది!

"అమ్మా, నాయన పారిపోల్యా. ఇంగ ఎవురూ ఆ మాట అనరు" అంది, తల్లి పక్కన కూర్చుని.

ఓబుళమ్మ కూతురి వైపు తిరిగింది. "పారిపోయినాడనుకున్నప్పుడే బాగుండె గదమ్మా. ఎవతెతోనో ఒగదానితో ఉండాడులే, యాడనో ఒగచోట ఇంత తింటాండాడులే అనుకుంటాంటి" అంది.

 ఓబుళమ్మ లేచి, గడ్డపారను రెండు చేతులా ఎత్తి బావి దగ్గరికి తీసుకుపోయి కడిగింది. తుప్పు ఎర్రగా కారింది. దసరాకు ఇంకా చాలా రోజులున్నాయి. అయినా సుత్తినీ పట్టకారునీ తెచ్చి అరుగు మీద పెట్టి, వాటి మధ్య గడ్డపారను పరుండబెట్టింది. పసుపు రాసింది. కుంకుమ కోసం లోపలికి పోబోయి, ఆగి, తన నొసటి బొట్టును బొటనవేలితో తీసి చేప గుర్తు మీద పెట్టింది.