ఎడమంటే ఎడమే

ప్రమోదిని యువరాజుని కలిసిన మొదటి పది నిమిషాల్లోనే మూడుసార్లు చచ్చిపోయింది.

మొదటిసారి కొండను గుద్దుకుంది. రెండోసారి చెరువులో పడింది. మూడోసారి ఎక్కడ పడిందో కంప్యూటరుకు కూడా అర్థం కాక తెర నల్లబడి ఊరుకుంది.

“మీ గ్లైడరు బాగోలేదండీ,” అంది ఆమె జడ వెనక్కి విసురుతూ.

“గ్లైడరు బాగానే ఉందండీ. నాను ఎడమకి అంటే మీరు స్టిక్కు కుడికి తోత్తన్నారు.”

“నానా? నాను ఎడమకి ఎల్దామనే తోసినాను. అదే కుడికెల్లిపోనాది.”

“మీ సెయ్యి కుడికి తోసింది. నాను సూసినాను.”

“నా సెయ్యి సంగతి నాకు తెలీదేటి?”

ఈ వాదన జరుగుతున్నది పలాసలో, యువరాజు వాళ్ల జీడిపిక్కల షెడ్డు వెనక గదిలో. ఇంజను లేకుండా గాలి మీద తేలే విమానాన్ని గ్లైడర్ అంటారు. అది నేర్చుకునేవాళ్లు కొందరు ఇంట్లోనే కాక్‌పిట్ కట్టుకుని, కంప్యూటరు ముందు సాధన చేస్తారని వీడియోల్లో చూసి, యువరాజు ఏడాది కష్టపడి ఒకటి కట్టాడు. జీడిపప్పు డబ్బాల రేకు విప్పి గోడలు చేశాడు. పాత వ్యాను సీటు వేశాడు. చేతికి విమానాన్ని తిప్పే స్టిక్కు, కాళ్ల కింద అమ్మ కుట్టుమిషను పెడలు, ఎదురుగా పెద్ద టీవీ, మొహానికి గాలి తగలాలి కదా అని ఒక టేబుల్ ఫ్యాను. అసలు గ్లైడరుకు ఇంజను అక్కర్లేదు గానీ, ఇది మాత్రం కరెంటు పోతే కూలిపోతుంది.

ఇంత చేసినవాడు నిజం విమానం ఒక్కసారి కూడా ఎక్కలేదు. డిప్లమో చదివి నాన్న షెడ్డులో మిషన్లు బాగుచేస్తుంటాడు. ఆకాశం వైపు చూస్తూ నడిచి రెండుసార్లు కాలవలో పడ్డాడు కూడా.

ప్రమోదినిది మంచినీళ్లపేట. సముద్రం మీద బతికే కుటుంబం. డిగ్రీ రెండో ఏడాది. పన్నెండు రోజుల్లో గ్లైడర్ శిక్షణ క్యాంపు ఉంది. కాలేజీ మొత్తం మీద ఎంపికైంది ఆమె ఒక్కతే. అక్కడ మొదటిరోజే ఇన్‌స్ట్రక్టరు వెనక సీట్లో కూర్చుని చెయ్యి ఎలా ఆడుతోందో చూస్తాడట. నచ్చకపోతే ఆ సాయంత్రం రైలుకే ఇంటికి పంపేస్తాడట. ఆ సాయంత్రం రైలు ఎక్కకూడదనే, ఎవరో చెబితే విని, ఆమె ఈ డబ్బాల గదికి వచ్చింది.

టీ పట్టుకొచ్చిన యువరాజు తల్లి సింహాచలమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఒరే, నా కుట్టుమిషను కాళ్లు పీకీసినావు. నా ఫ్యాను అట్టుకొచ్చీసినావు. ఇప్పుడు ఈ పిల్లని కూడా సంపేత్తావేటి?”

“పర్లేదు పిన్నీ. మళ్లీ బతుకుతాను,” అంది ప్రమోదిని గ్లాసు అందుకుంటూ.

అమ్మ ఈమెకు పిన్ని అయితే తనేమవుతాడో యువరాజు లెక్క వేసుకున్నాడు. టీ పొలమారింది.

నాలుగు రోజులు గడిచాయి. ప్రమోదిని ఇరవయ్యారుసార్లు చచ్చింది. “మీరు” పోయి “నువ్వు” వచ్చింది గానీ, చెయ్యి మాత్రం దారికి రాలేదు. ఐదో రోజు ఆమె స్టిక్కు వదిలేసి లేచింది.

“రేపట్నుంచి రాను. పదేళ్లప్పట్నుంచి మా అయ్య బోటు నాను తోల్తన్నాను. అంతంత అలలు దాటించినాను. నీ డబ్బాలో కూకుంటే నాకేటీ రాదనిపిత్తంది.”

చున్నీతో కళ్లు తుడుచుకుంటూ పెరట్లో సింహాచలమ్మ దగ్గరికి వెళ్లి కూర్చుంది.

ఆమె రాకపోతే లోకానికి వచ్చే నష్టమేమీ లేదు. కానీ నాలుగు రోజులుగా యువరాజు పొద్దున్నే లేచి తల దువ్వుకుంటున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుంటున్నాడు. రేపు ఎవరి కోసం దువ్వుకోవాలి?

కంప్యూటరు సెట్టింగుల్లో ‘రివర్స్’ అని ఒక చిన్న గడి ఉంటుంది. అందులో టిక్కు పెడితే ఎడమ కుడవుతుంది, కుడి ఎడమవుతుంది. యువరాజు అటూ ఇటూ చూసి టిక్కు పెట్టేశాడు.

“ఒక్కసారి, ఆఖరుసారి రా,” అని బతిమాలాడు.

ఆమె వచ్చి కూర్చుంది. కొండ దాటింది. చెరువు చుట్టూ తిరిగింది. తెర మీద మబ్బు చూసి, “గాలి అక్కడ లేత్తాది,” అని అటు వెళ్లింది. నిజంగానే లేచింది. గద్దలా గుండ్రంగా తిరుగుతూ పైపైకి పోయింది. యువరాజు ఏడాది పాటు చదివి తెలుసుకున్నది ఆమెకు పుట్టుకతోనే వచ్చినట్టుంది.

“ఏటి సేసినావు?” అంది, మొహం వెలిగిపోతుంటే.

“వైరు లూజైపోనాది. బిగించినాను.”

“సూసినావా? నాను ముందే సెప్పినాను, మిషను బాగోలేదని!”

ఆ నవ్వు ముందు నిజం చెప్పడానికి నోరు రాలేదు. రేపు చెబుదామనుకున్నాడు. మర్నాడు ఆమె చందువా చేప వేపుడు తెచ్చింది. ఎల్లుండి చెబుదామనుకున్నాడు. ఎల్లుండి వాన పడింది. ఇద్దరూ చూరు కింద నిలబడ్డారు. తడిసిన ముంగురులు చూస్తూ సెట్టింగుల గురించి మాట్లాడేవాడు ఎవడు?

క్యాంపు నాలుగు రోజుల్లోకి వచ్చాక ఆమే పిలిచింది. “నువ్వు నాకు ఆకాశం నేర్పినావు. నాను నీకు సముద్రం సూపిత్తాను, రా.”

బోటులో ప్రమోదిని తండ్రి పోలారావు వల సర్దుకుంటున్నాడు. అలలు దాటాక ఆమె బోటును తిప్పే ఇంజను పిడి యువరాజు చేతికిచ్చింది. “ఎడమకి పోనీ,” అంది.

యువరాజు పిడిని ఎడమకు తోశాడు. బోటు కుడికి తిరిగింది. కంగారుపడి ఇంకా గట్టిగా తోశాడు. బోటు ఉన్నచోటే గిర్రున మూడు చుట్లు తిరిగింది.

పోలారావు పగలబడి నవ్వాడు. “సుక్కాని అటు తోత్తే బోటు ఇటెల్తాది బాబూ! ఎడమకెల్లాలంటే కుడికి తొయ్యాల!”

“అచ్చం నీ గ్లైడరులాగే గదా!” అంది ప్రమోదిని.

యువరాజు మొహం పాలిపోయింది. పదేళ్ల వయసు నుంచి ఆ చెయ్యి చుక్కానిని తోస్తోంది. ఎడమకు వెళ్లాలంటే దానంతటదే కుడికి పోతుంది. తప్పు ఆమె తెలివిది కాదు. ఆ తప్పు దిద్దాల్సినవాడు దాని మీద టిక్కు పెట్టి కూర్చున్నాడు.

“గ్లైడరు అలగుండదు ప్రమోదినీ,” అన్నాడు. “ఎడమకి తోత్తే ఎడమకే ఎల్తాది. వైరు లూజవలేదు. నానే కంప్యూటరులో తిరగేసినాను.”

“ఎందుకు?”

“రేపట్నుంచి రానన్నావు గదా.”

పారిపోదామంటే చుట్టూ సముద్రం. పోలారావు ఏమీ విననట్టు వల ముడి విప్పడం మొదలుపెట్టాడు, అక్కడ ముడేమీ లేకపోయినా. ప్రమోదిని పిడి లాక్కుని బోటును తీరానికి తిప్పింది.

మర్నాడు పదయినా ఆమె రాలేదు. పదకొండింటికి షెడ్డు ముందు స్కూటీ హారన్ మోగింది.

“ఆ టిక్కు తీసీ,” అంది దిగకుండానే. “మూడు రోజులున్నాయి.”

టిక్కు తీశాక మధ్యాహ్నానికి తొమ్మిదిసార్లు చచ్చింది. యువరాజు గోళ్లు కొరుక్కుంటూ వాకిట్లో స్కూటీ వైపు చూశాడు. బుర్రలో ఏదో వెలిగింది.

“స్కూటీ మలుపులో ఎటు వంగుతావు?”

“ఎటు తిరగాలో అటే.”

“గ్లైడరూ అంతే. నువ్వు సుక్కాని అట్టుకోలేదు, స్కూటీ మీదున్నావు అనుకో.”

ఆ మూడు రోజులూ పలాస నుంచి మంచినీళ్లపేట దాకా, జీడితోటల మధ్య ఎన్ని మలుపులున్నాయో అన్నీ తిరిగారు. ఆమె నడుపుతుంటే వెనక కూర్చుని “ఎడమ! కుడి!” అని అరిచాడు. సన్నగా జల్లు పడుతుంటే భయంతో కళ్లు మూసుకుని కూడా అరిచాడు. తిరిగొచ్చి సీట్లో కూర్చోబెట్టాడు. మూడో సాయంత్రం ఆమె ఒక్కసారి కూడా చావలేదు.

రైలు కదిలే ముందు ప్రమోదిని తలుపు దగ్గర నిలబడింది. పని మాటలు తప్ప మూడు రోజులుగా ఆమె ఏమీ మాట్లాడలేదు.

“నాకెప్పుడూ అలాటి టిక్కు పెట్టకు. నాను తప్పు సేత్తే తప్పని సెప్పు. ఏడిత్తే ఏడుత్తాను.”

“సెప్తాను. ఇంకో మాట కూడా సెప్పాలి...”

“పాసైతే ఇంటాను,” అంది. రైలు కదిలింది.

క్యాంపు మొదటిరోజు యువరాజు అన్నం ముట్టలేదు. ఫోన్ మోగితే, ఆమె సాయంత్రం రైలు ఎక్కేసిందేమోనని భయం. ఐదింటికి మోగనే మోగింది.

“ఎక్కడున్నావు? రైలెక్కినావేటి?”

“గ్రౌండులో. ఇప్పుడే దిగినాను,” అంది రొప్పుతూ. “ఎడమకంటే ఎడమకే ఎల్లినాది! ఇంతకుముందు ఎక్కడ ఎగిరినావమ్మా అని సారు అడిగినారు.”

“ఏటి సెప్పినావు?”

“పలాసలో, జీడిపప్పు డబ్బాలో అని సెప్పినాను.” గొంతు తగ్గించింది. “పాసైపోనాను. ఇప్పుడు సెప్పు నీ మాట.”

చెప్పాడు. అవతల గాలి చప్పుడులో ఆమె నవ్వు వినపడింది. “దీనికి మటుకు టిక్కు పెట్టుకోవచ్చు,” అందామె.

పది రోజుల తరవాత తండ్రీకూతుళ్లు చేపల బుట్టతో షెడ్డుకు వచ్చారు. “పిన్నీ, బాగున్నావా?” అంటూ ప్రమోదిని లోపలికి అడుగుపెట్టింది.

“పిన్నేటే? నన్ను పిన్ని అంటే ఈడు నీకు అన్నయిపోతాడు,” అని కసిరింది సింహాచలమ్మ. “అత్తా అను.”

పోలారావు మీసం కింద నవ్వు దాచుకున్నాడు. “నాదొక్కటే షరతు బాబూ. బోటు తోలడం నేర్చుకోవాల.”

ఆ ఆదివారం మళ్లీ సముద్రం మీద యువరాజు పిడి పట్టుకున్నాడు. ఎడమకు వెళ్దామని, ధైర్యంగా, ఎడమకు తోశాడు. బోటు కుడికి తిరిగింది.

“తప్పు,” అంది ప్రమోదిని, అతని చేతి మీద తన చెయ్యి వేసి కుడికి తోస్తూ.

ఆ మాట అంత తియ్యగా ఉంటుందని యువరాజుకు అప్పటిదాకా తెలియదు.