బోర్డు మీద నలభై

సోమవారం పొద్దున్న లియర్కో బార్బొలీనీ పాల కాఫీలో రొట్టె ముక్క వేసి, అది నాని అడుగుకి దిగేదాకా అలా చూస్తూ కూర్చున్నాడు. మామూలు రోజుల్లో ఏడు కొట్టేసరికి మొదెనా ఊళ్ళో మా వీధంతా ఉలిక్కిపడేలా గ్యారేజీ తలుపు బార్లా తెరిచే మనిషి. నిన్నటి కారు రేసులో ఇరవై తొమ్మిది రౌండ్లు ముందుండి, ఆఖరిదైన ముప్పయ్యో రౌండులో గెలుపు పోగొట్టుకున్నాడాయె! ఇంకేం తలుపు తెరుస్తాడు, పాపం.

భార్య జెలిందా బల్ల మీద పిండి పరిచి కర్రతో ఒత్తుతోంది. కూతురు నీవెస్ పొయ్యి దగ్గర నిలబడి పాలు పొంగకుండా కాపలా కాస్తోంది. ముగ్గురి నోళ్ళలోనూ మాటలున్నాయి, ముందు ఎవరనాలో తెలియక మింగుతున్నారు.

చివరికి లియర్కోనే అందుకున్నాడు.

"నాకొక్క సంగతి అర్థం కావట్లేదు. ఇరవై అయిదో రౌండులో మీరు చూపించిన బోర్డు మీద ఏముంది? నలభై. అంటే వెనకాల వస్తున్న కాసారీగాడు నాకు నలభై సెకన్ల దూరంలో ఉన్నాడని. ఇరవై తొమ్మిదిలో ఏముంది? నలభయ్యే. మరి ముప్పైలో వాడు నా పక్కకి ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడు? ఆకాశంలోంచా?"

"నన్నెందుకలా గుడ్లురిమి చూస్తావు నాన్నా? అమ్మ చెప్పిన అంకె పెట్టాను, బోర్డు ఎత్తి చూపించాను. అంతవరకే నా పని," అంది నీవెస్.

మా ఊళ్ళో రేసుకారు నడిపేవాళ్ళ ఇళ్ళలో ఇదొక వాడుక. మొగుడు లోపల గిరగిరా తిరుగుతుంటే పెళ్ళాం బయట రెండు స్టాప్‌వాచీలు పట్టుకుని ప్రతి రౌండూ కాగితం మీద రాసుకోవాలి. ఆమె చూపించిన అంకెని బట్టే ఆయన ఇంకా తొక్కడమో, కాస్త తగ్గి ఇంజను కాపాడుకోవడమో చేస్తాడు. జెలిందా యుద్ధానికి ముందు నుంచీ ఆ పనిలో ఉంది. రేసు పెట్టినవాళ్ళ కాగితానికీ ఆమె కాగితానికీ తేడా వస్తే, తమది మళ్ళీ చూసుకునేది వాళ్ళే. ఆమె పేరు అలాంటిది. వంటలో ఉప్పు మరిచిపోయినా నవ్వేసేది గానీ, లెక్కలో తప్పు పడితే మాత్రం ఊరుకునేది కాదు.

"పదింటికి కార్ల ఫ్యాక్టరీ ఇంజనీరు వస్తున్నాడు," అన్నాడు లియర్కో. "నిన్న గెలిచి ఉంటే వచ్చే నెల వెయ్యి మైళ్ళ రేసుకి వాళ్ళ కారు నాదే. నలభై ఆరేళ్ళ వాణ్ణి, నాకు ఇంకోసారంటూ ఉందా? ఆయన రాగానే నువ్వే చెప్పాలి జెలిందా. తప్పు లెక్క ఇచ్చింది నేను, లేకపోతే మా ఆయనే గెలిచేవాడు అని నీ నోటితో చెప్పాలి."

"చెప్తాను."

"అంత తేలిగ్గా అనేస్తావేం! అసలు ఏం జరిగిందో ముందు నాకు చెప్పవే!"

"తెలిస్తే చెప్పనా?" జెలిందా కర్ర పక్కన పెట్టింది. "అన్నీ ఎర్ర కార్లే కదా. నీ వెనక ఎనిమిది సెకన్లకి ఒకటొచ్చింది, నలభై సెకన్లకి ఇంకొకటొచ్చింది. మొదటిది ఎవరో రౌండు వెనకబడ్డవాడిది అనుకున్నాను. రెండోది కాసారీది అనుకున్నాను."

"అనుకున్నావా? నంబరు చూడలేదూ?"

"చూశాను. చూశాననే అనుకుంటున్నాను. నాకూ అదే అర్థం కావట్లేదు."

"ఇన్నేళ్ళలో ఒక్కసారి తప్పావా నువ్వు? నిన్నే తప్పాలా?"

జెలిందా పిండి అంచు గిల్లుతూ అంది, "ఇరవయ్యో రౌండులో ఒక కారు వంపు దగ్గర అడ్డంగా పేర్చిన గడ్డిమోపుల్లోకి దూసుకుపోయిందే, అదీ ఎర్రదే. అది నువ్వే అనుకున్నాను. నువ్వు నా ముందు నుంచి వెళ్ళేదాకా పదకొండు సెకన్లు. వాచీ చేతిలోనే ఉంది కనుక ఎన్నో నాకు తెలుసు. ఆ తర్వాత నా కళ్ళు ఏం చూశాయో, నేనేం చూడాలనుకున్నానో..."

"అంటే కావాలనే చేశావన్నమాట! నాకేమైనా అవుతుందని, నన్ను వెయ్యి మైళ్ళ రేసుకి పంపకూడదని!" లియర్కో లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది.

"కాదు! అవునేమో! దేవుడా, నాకు తెలీదయ్యా! రాత్రంతా నన్ను నేను అదే అడుక్కున్నాను. ఒట్టు, నాకు తెలీదు!"

నీవెస్ ఇక ఆగలేకపోయింది. "ఇందాకట్నుంచి అమ్మని బోనెక్కించావు సరే. నువ్వేం కళ్ళు మూసుకుని నడిపావా? ఎనిమిది సెకన్ల దూరంలో ఉన్నవాడు తిన్నని రోడ్డు మీద అద్దంలో కనపడడా నాన్నా?"

పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. ఎవరూ కదల్లేదు. లియర్కో పడిన కుర్చీని లేపి, దాని మీద కూర్చోవాలో వద్దో తేలక, చేత్తో పట్టుకునే నిలబడ్డాడు.

"కనపడ్డాడు," అన్నాడు.

"ఏమిటీ?"

"ఇరవై ఆరులోనే కనపడ్డాడు. నీలం టోపీ. కాసారీ కాక ఇంకెవడు? అప్పుడు బోర్డు చూశాను. నలభై అని ఉంది. అమ్మయ్య అనిపించింది జెలిందా, నిజం చెప్తున్నా. నువ్వన్నాక ఇంకేముంది అనుకుని కాలు సగం తీశాను. ఆ వంపు దగ్గర గడ్డి ఇంకా రోడ్డు మీదే చెదిరి ఉంది. అక్కడ తొక్కబుద్ధి కాలేదు." అతని కళ్ళు నీళ్ళతో నిండాయి. "నీ అంకెని నమ్మి తగ్గానా, తగ్గడానికి నీ అంకెని నమ్మానా? నిన్నట్నుంచి బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను. తేలడం లేదు."

"మరి పొద్దున్నుంచి నా మీద ఎగురుతావేం?"

"ఎవరో ఒకరి మీద ఎగరాలి కదే!"

జెలిందాకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందొచ్చిందో ఆమెకే తెలియదు. ఇంతలో కింద గంట మోగింది.

ఆమె గబగబా కళ్ళు తుడుచుకుంది. "నేను వెళ్తాను. నాదే తప్పని చెప్తాను, కారు నీకిస్తాడు. నా పేరు పోతే పోయిందిలే."

"కూర్చో."

"ఇంతకీ నీకా కారు కావాలా, వద్దా? ఒక్క మాట చెప్పు."

"తెలీదు. ఇంత తెలియనివాడు దాన్ని ఎక్కకూడదు, అది మాత్రం తెలుసు," అని లియర్కో చొక్కా సర్దుకుంటూ మెట్లు దిగిపోయాడు.

తల్లీకూతుళ్ళు చప్పుడు కాకుండా సగం మెట్ల దాకా వెళ్ళి చెవులొగ్గారు. గుమ్మంలో ఇంజనీరు గొంతు మర్యాదగానే ఉంది. "విన్నానండీ. మీ ఆవిడ లెక్క తప్పడం వల్లే మీరు పోగొట్టుకున్నారటగా? అలాగైతే మా వాళ్ళతో మళ్ళీ మాట్లాడి చూస్తాను."

జెలిందా కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఎవడన్నాడు మీతో?" అన్నాడు లియర్కో. "మా ఆవిడ లెక్క తప్పడమేమిటండీ! బోర్డు మీద ఎనిమిది అనే ఉంది. చూసి కూడా కాలు తీసింది నేను. మీ కారు ఇంకెవరైనా కుర్రవాడికి ఇవ్వండి."

జెలిందా ఉన్న మెట్టు మీదే కూలబడి, పిండి చేతులతోనే మొహం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఎందుకమ్మా ఏడుస్తావు? ఇంక భయం లేదనా? నాన్న కారు వదులుకున్నాడనా?" నీవెస్ పక్కన కూర్చుంటూ మెల్లగా అడిగింది.

"ఏమోనే తల్లీ," అంది జెలిందా. "నన్నిప్పుడేమీ అడక్కు."