వైసు పట్టు

భూపాలపల్లి నుంచి చెల్పూర్ పోయే రోడ్డు పక్కన మాకు ఒక చిన్న వెల్డింగ్ షాపు ఉంది. ముందు రేకుల పందిరి, వెనక ఒక గది. గేట్లు, కిటికీ గ్రిల్లులు, మెట్లకు రెయిలింగులు చేస్తాం. మా ఆయన చత్రు వెల్డింగ్ చేస్తే, కోయడం, రుద్దడం, రంగు వేయడం నా పని. మాది మరిపెడ దగ్గర లంబాడీ తండా. మా బిడ్డ పూజ అక్కడే మా అమ్మ దగ్గర ఉండి చదువుకుంటోంది.

రోజంతా బొగ్గు లారీలు పోతుంటాయి. రంగు ఆరకముందే దాని మీద నల్లటి దుమ్ము పడుతుంది. మళ్లీ రుద్దాలి, మళ్లీ వేయాలి. అయినా నేను ఎవరినీ ఒక్క మాట అనేదాన్ని కాదు. నీలికి కోపమే రాదని చుట్టుపక్కల షాపుల వాళ్లు అనేవాళ్లు. నిజమే. అప్పటిదాకా నాకు కోపం అంటే ఏంటో సరిగ్గా తెలియదు.

పోయిన వానాకాలంలో చత్రు పాత ఇనుప సామాన్ల దుకాణం నుంచి ఒక వైసు తెచ్చాడు, ఇనుప ముక్కలను కదలకుండా దవడల మధ్య బిగించి పట్టే సామాను. ఆటోలోంచి దింపడానికి ముగ్గురం పట్టాల్సి వచ్చింది. మా దగ్గరున్న వైసు దాని ముందు బొమ్మలా ఉంది. ఒళ్లంతా జంగు పట్టి, ఎర్రగా పొరలు లేస్తోంది. రెండు దవడలూ గట్టిగా మూసుకుపోయి ఉన్నాయి. మధ్యలో కాగితం కూడా దూరదు.

"గిసొంటి ఇనుము ఇప్పుడు యాడ దొరుకుతది? జర సాఫ్ చేస్తే మన బతుకంత పనికొస్తది" అన్నాడు చత్రు.

అతనికి భుజం నొప్పి. అందుకే సాఫ్ చేసే పని నేనే పెట్టుకున్నాను.

మొదట దాన్ని డీజిల్ పోసిన డబ్బాలో నానబెట్టాను. కొన్ని రోజుల తర్వాత తీసి, వైర్ బ్రష్‌తో రుద్దడం మొదలుపెట్టాను. జంగు పెచ్చులు పెచ్చులుగా రాలింది. చేతులకు ఇనుము వాసన, నాలుక చివర ఇనుము రుచి. హ్యాండిల్ కదలలేదు. గ్యాస్ మంటతో కాల్చాను. సుత్తెతో చుట్టూ మెల్లగా తట్టాను. మళ్లీ నూనె పోశాను. ఇలాంటి పని నాకు ఇష్టం. మనసు చల్లబడుతుంది.

కానీ దీన్ని రుద్దుతుంటే మనసు వేడెక్కేది.

మొదటి రోజు ఈగల మీద కోపం వచ్చింది. తర్వాత ఎదురుగా హారన్ కొట్టిన లారీ మీద. ఆ తర్వాత, చత్రు దగ్గుతుంటే ఆ దగ్గు మీద. ఒక మధ్యాహ్నం అతను "కూరల ఉప్పు తక్కువైంది" అన్నాడు, అంతే. గిన్నె తీసి రోడ్డు మీదికి విసిరాను. పెళ్లయిన ఇన్నేళ్లలో అతను నన్ను అలా చూడలేదు. నాకూ సిగ్గేసింది. కానీ సిగ్గు కింద ఇంకేదో ఉంది. ఇంకో గిన్నె ఉంటే బాగుండు అనిపించింది.

బ్రష్ పక్కన పెడితే కోపం తగ్గేది. పట్టుకుంటే మళ్లీ వచ్చేది.

ఒక రోజు హ్యాండిల్ తిరిగింది. ఎవరో గొంతు సవరించుకున్నట్టు లోపల గరగరమంది. దవడలు వెంట్రుకవాసి విడిపోయాయి. ఆ సందులోంచి ఒక వాసన వచ్చింది. డీజిల్ కాదు, జంగు కాదు. జర్దా పాన్ వాసన. మా ఇద్దరికీ ఆ అలవాటు లేదు.

ఇంకా తిప్పి, లోపలి పెద్ద మర, అదే స్క్రూ, బయటికి లాగాను. చత్రు కూడా వంగి చూశాడు. పైనంతా అంత జంగు పట్టిన ఆ వైసులో, మర మాత్రం నిన్ననే నూనె రాసినట్టు తళతళ మెరుస్తోంది.

"మంచిగైంది పో" అన్నాడు అతను. కానీ చెయ్యి పెట్టి ముట్టుకోలేదు.

గ్రీసు పూసి, మళ్లీ బిగించి, బెంచీకి నాలుగు బోల్టులతో గట్టిగా పట్టించాం. ఆకుపచ్చ రంగు వేశాను. చూడముచ్చటగా ఉంది. హ్యాండిల్‌ను వేలితో తోస్తే చాలు, నున్నగా తిరిగేది. ఆగినప్పుడల్లా దాని కడ్డీ జారి రంధ్రం అంచుకు తగిలి 'టంగ్' అనేది.

ఆ మరుసటి మధ్యాహ్నం వాన పట్టింది. మబ్బుకు పట్టపగలే చీకటైంది. కరెంటు పోయింది. రేకుల మీద వాన చప్పుడుకు పక్క మనిషి మాట కూడా వినిపించడం లేదు. ఒక గేటుకు చిన్న కడ్డీ తక్కువైంది. కటింగ్ మెషిన్ నడవదు కాబట్టి, వైసుకు బిగించి రంపం బ్లేడుతో కోద్దాం అన్నాడు చత్రు. కడ్డీని దవడల మధ్య నిలబెట్టి, జారకుండా వేళ్లతో పట్టుకున్నాడు.

"ఇగ బిగియ్" అన్నాడు.

నేను హ్యాండిల్ తిప్పాను. కడ్డీ పట్టుకుంది. అక్కడ ఆపాలి.

ఆపలేదు.

కడ్డీ పక్కకు జారి కింద పడింది. అతని రెండు వేళ్లు లోపలే ఉన్నాయి. చత్రు "ఏయ్" అన్నాడు. నేను చూస్తున్నాను. తెలుస్తోంది. అతని వేళ్లని తెలుస్తోంది... అయినా నా చేతులు తిప్పుతూనే ఉన్నాయి. జర్దా వాసన. నా నోట్లోంచే వస్తున్నట్టు...

"నీలీ... ఇడువు... వేళ్లు..."

కోపం. ఎవరి మీదో తెలియదు. ఎందుకో తెలియదు. కళ్ల ముందు ఎర్రగా, చెవుల్లో హోరుగా, పళ్లు నూరుకునేంత కోపం. ఈ మనిషి నాకు ఎదురు చెప్పాడు. అందరి ముందు చెప్పాడు. ఇంకో పావు చుట్టు...

నా నోరు తెరుచుకుంది. మాట మెల్లగా, ముద్దుగా వచ్చింది. గొంతు నాదే. మాట నాది కాదు.

"చెప్పు... నువ్వెవరి దిక్కు?"

చత్రు మోకాళ్ల మీద కూలిపోయాడు. అరవడం మానేశాడు. నా మొహంలోకి చూశాడు. మేం షాపులో ఎప్పుడూ తెలుగులోనే మాట్లాడుకుంటాం, గిరాకీల కోసం అలవాటైంది. ఆ క్షణంలో అతని నోటికి తండా మాట వచ్చింది.

"పూజ యాడీ..." అన్నాడు. పూజ వాళ్లమ్మా అని.

ఆ మాట నాకు అర్థమైంది. నా చేతుల్లో ఉన్నదానికి అర్థం కాలేదు. ఒక్క క్షణం అది తడబడింది. వింటూ ఆగినట్టు... ఆ సందులో నేను ఒళ్లు మొత్తం వెనక్కి విసిరి, దవడలు విడిపోయేలా హ్యాండిల్‌ను తిప్పేశాను.

అతని రెండు వేళ్లూ నల్లగా నలిగి ఉన్నాయి. గోర్లు లేచిపోయాయి. ఇద్దరం కింద కూర్చుని ఏడ్చాం. "నేను గాదు, నేను గాదు" అని నేను అంటూనే ఉన్నాను. అతను నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "నాకెరికే. నువ్వు గాదు. నీ కండ్లు గట్లుండయి" అన్నాడు.

మరునాడు అతను కట్టు మార్పించుకోవడానికి దవాఖానకు పోయాడు. పోతూ, "దాన్ని ముట్టకు. నేనొచ్చినంక తీసి పారేద్దాం" అన్నాడు. ముట్టే ధైర్యం నాకూ లేదు. పందిరి చివర, రోడ్డు అంచున స్టూలు వేసుకుని కూర్చున్నాను. వాన సన్నగా పడుతోంది.

వెనక నుంచి చప్పుడైంది. టంగ్.

తిరిగి చూశాను. హ్యాండిల్ కడ్డీ కిందికి జారి ఉంది. కాసేపటికి, నేను చూస్తుండగానే, మెల్లగా పైకి తిరిగింది... ఆగింది. టంగ్.

రోడ్డు మీద పోతున్న ఒక ముసలాయన సైకిల్ ఆపాడు. గొడుగు లేదు. వానలో నిలబడి మా షాపు లోపలికి చూస్తున్నాడు. దగ్గరికి వచ్చాడు. కుడి చెయ్యి వేళ్లు నాలుగూ రేకు ముక్కల్లా అణిగిపోయి, ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి.

"బిడ్డా, గా సప్పుడు... గది యాడిది?" అన్నాడు.

నేను చూపించాను. ఆకుపచ్చ రంగు కింద ఉన్నా గుర్తుపట్టాడు. అతని గడ్డం వణికింది. భయంతో అనుకున్నాను. కాదు.

"రాజలింగం వైసు" అన్నాడు.

అతని పేరు కుమారస్వామి. బెంచీకి దూరంగా కూర్చుని చెప్పాడు. మెల్లగానే చెప్పాడు కానీ ప్రతి మాటకూ మెడ నరాలు లేచాయి.

చాలా ఏళ్ల కింద ఆయన రాజలింగం అనేవాడి వర్క్‌షాపులో మెకానిక్. ఒక రోజు తెగబోతున్న గొలుసుతోనే ఇంజను లేపమన్నాడు రాజలింగం. గొలుసు తెగింది. కింద మహేశ్ అనే కూలీ ఉన్నాడు. బతకలేదు. వాడే తాగి వచ్చి మీద వేసుకున్నాడని పోలీసులకు చెప్పమని రాజలింగం అందరినీ నిలబెట్టి చెప్పాడు. అందరూ తలలు వంచుకున్నారు. కుమారస్వామి ఒక్కడే నేను చెప్పను అన్నాడు.

"పొద్దుమూకి అందరు పోయినంక షట్టర్ ఏసిండు. నా చెయ్యి అండ్ల పెట్టి బిగిచ్చిండు. జర్దా నములుకుంటనే తిప్పుతుండె. ఒక్కటే మాట, బిడ్డా. మెల్లగ, ముద్దుగ. 'చెప్పు, నువ్వెవరి దిక్కు?' అని."

నిన్న జరిగింది ఆయనకు నేను ఇంకా చెప్పలేదు.

"నేను అరిచిన గని, వాడు అడిగింది చెప్పలే. వానికి కోపం ఎక్కింది. మొఖం నల్లగైంది. ఎక్కడి నరం తెగిందో, హ్యాండిల్ పట్టుకునే కూలిండు. సచ్చిండు. సచ్చినంక గూడ పిడికిలి ఇడువలే. వాని బరువు దానికే ఏలాడుతుండె. తెల్లారి షట్టర్ పగలగొట్టేదాక... నేను వాని మొఖం సూసుకుంట నిలవడ్డ."

"మరి పోలీసులకు..." అన్నాను.

"చెప్పిన. కట్టు కట్టుకునే పోయి చెప్పిన. అప్పటికే కూలోళ్లందరు వేరే చెప్పిండ్రు. సచ్చినోని మీద కేసేంది అన్నరు. మహేశ్ తాగుబోతు అయిండు. రాజలింగం దేవుడైండు."

నాకు కోపం వచ్చింది. ఈసారి అది నాది. తేడా తెలిసింది. ఇది కళ్లను ఎర్రగా చేయలేదు, తేటగా చేసింది. తల వంచుకున్న ఆ కూలీల మీద, తాగుబోతు అని రాసుకున్నవాళ్ల మీద, ఒక మనిషిని చితక్కొట్టి దండ వేసిన ఫోటోలోకి ఎక్కిన రాజలింగం మీద వచ్చింది. ఇప్పుడు చెబుతున్నా వస్తోంది. వైసు మా దగ్గరికి దవడలు మూసుకుపోయి వచ్చిందని మాత్రం ఆయనకు చెప్పాను.

"నా చెయ్యి తీసేటప్పుడు అది తెరిచే ఉండె" అన్నాడు ఆయన. "మల్ల ఎవరు మూసిండ్రో తెల్వది. సమ్మెట ఉన్నదా?"

మా పెద్ద సమ్మెట తెచ్చి ఇచ్చాను. నేను కొడతానంటే వినలేదు. ఎడమ చేత్తో పట్టుకుని, అణిగిపోయిన కుడి చెయ్యిని కింద ఆనించి ఎత్తాడు. మొదటి దెబ్బకు రంగు మాత్రమే లేచింది. రెండో దెబ్బ పక్కకు పోయింది. ఆయన ఆయాసంతో ఎగపోస్తున్నాడు. నేను వద్దనబోయాను.

అప్పుడు సమ్మెట తల దాటి పైకి లేచింది. ఆ వయసులో, ఆ చేత్తో, అంత ఎత్తు. "ఇది మహేశ్‌కు!" అని కొట్టాడు. బెంచీ అదిరింది. మళ్లీ లేచింది. "ఇది నాకు!" వైసు మెడ దగ్గర చీలింది. అరుస్తూ, తిడుతూ, ఏడుస్తూ కొట్టాడు. ముందు దవడ ఊడి నేల మీద పడింది. దాని వెనకే మర పడింది.

నిశ్శబ్దం. వాన కూడా ఆగింది. జర్దా వాసన లేదు. నా గుండె మీంచి ఎవరో కాలు తీసినట్టు అనిపించింది.

ఆయనకు మంచినీళ్లు ఇచ్చాను. తాగి, మొహం తుడుచుకుని, మొదటిసారి నవ్వాడు.

"మీ ఆయన మంచి బలం మనిషి బిడ్డా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"ఎనక నిలవడి నా మోచెయ్యి కింద పట్టి లేపకుంటే, నాతోని అయ్యేదా? నడుమ నడుమ జర గట్టిగనే పట్టిండు గని... పాపం, చెయ్యి మస్తు సల్లగున్నది. అగ్గి కాడ పనిచేసేటోనికి గంత సల్లని చెయ్యేంది?"

షాపులో మేమిద్దరమే ఉన్నాం. చత్రు ఇంకా దవాఖాన నుంచి రాలేదు. నేను బెంచీ పక్కనే నిలబడి అంతా చూశాను. ఆయన వెనక గోడ తప్ప ఏమీ లేదు.

చెబుదామనుకున్నాను. ఇన్నేళ్ల తర్వాత నవ్విన ఆ మొహం చూసి నోరు రాలేదు.

"పోయొస్త బిడ్డా" అని బయటికి నడిచాడు. సైకిల్ తీసుకోవడం మరిచిపోయాడు. "బాపూ, సైకిల్..." అని పిలిచాను. తిరగలేదు. తడి రోడ్డు మీద చెల్పూర్ వైపు పోతున్నాడు. ఆయన వెనకే జర్దా వాసన సన్నగా పోతోంది. ఎడమ చెయ్యి నడకకు తగ్గట్టు ఊగుతోంది.

కుడి చెయ్యి ఊగడం లేదు. మోచెయ్యి ఒంటికి దూరంగా, కొంచెం పైకి లేచి ఉంది... ఎవరో పక్కన నడుస్తూ పట్టుకుని తీసుకుపోతున్నట్టు.